నిన్నటి సంతకం

రెండు వేల పన్నెండు ప్రాంతంలో నేను శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో సిస్టమ్ అడ్మిన్ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ల్యాబులో అరవై కంప్యూటర్లు, పిల్లల ప్రోగ్రాములన్నీ దాచే ఒక ముసలి లైనక్సు సర్వరు, దాని ఆలనాపాలనా నాది. రోజూ విజయనగరంలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగేవాణ్ని. ఆ బండి ఎప్పుడొస్తుందో రైల్వేవాళ్లకే తెలియదు కనుక, సాయంత్రం వెళ్లేటప్పుడే మర్నాటి సంతకం కూడా హాజరు రిజిస్టర్లో పెట్టేసేవాణ్ని. ముందుచూపు గలవాణ్ని.

ఆ వానాకాలం సర్వరుకు ఒక జబ్బు పట్టుకుంది. కొన్ని రోజులు పొద్దున్న అది లేచేది గానీ, పిల్లల ఫోల్డర్లు ఏ కంప్యూటర్లోనూ కనబడేవి కావు. నేను తీరిగ్గా వచ్చి, ఫైల్ షేరింగు సర్వీసును చేత్తో నడిపించేవాణ్ని. అసలు కారణం వెతకడానికి బద్ధకం. అడిగినవాళ్లకు మాత్రం "ల్యాబు అటెండరు మెయిన్ స్విచ్చి ఆపేస్తున్నాడండీ, అందుకే" అని చెప్పేవాణ్ని. ఉరుములొచ్చిన సాయంత్రాలు ఆయన మెయిన్ ఆపేసే మాట నిజమే. మా వైపు ఎవరైనా అదే చేస్తారు.

ఒక శుక్రవారం ల్యాబు పరీక్షకు వచ్చిన బయటి ఎగ్జామినరు ఫోల్డర్లు లేక గంటన్నర గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. మా డిపార్టుమెంటు హెచ్చోడీగారు అటెండర్ని పిలిచి, "సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. పన్నెండేళ్లుగా చేస్తున్న కాంట్రాక్టు మనిషి. నా నోటి దురద ఆయన పొట్ట కొట్టింది. నిజంగా సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే, సర్వరు లేవగానే సర్వీసును మొదలుపెట్టే స్క్రిప్టు తెరిచాను. రాసింది నేనే. సర్వీసు మొదలైనప్పుడు "నడుస్తున్నాను" అని గుర్తుగా ఒక చిన్న ఫైలు పెట్టుకుంటుంది. పద్ధతిగా ఆపితే ఆ ఫైలు చెరిగిపోతుంది, కరెంటు ఠక్కున పోతే మిగిలిపోతుంది. మర్నాడు నా స్క్రిప్టు ఆ పాత ఫైలు చూసి, నడుస్తోంది కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటోంది. నిజంగా నడుస్తోందా అని చూసే రెండు లైన్లు నేను రాయలేదు.

"దొరికిందేటి బాబూ?" అన్నాడు వెనక నిలబడ్డ అటెండరు.

వీలైనంత సులువుగా చెప్పాను.

"అయితే మీ సంతకం లాటిదే గదా బాబూ. పుస్తకంలో ఉంటాది, కుర్సీలో మనిసుండడు."

ఆ రెండు లైన్లు రాసి, ఆయన చేతే మెయిన్ ఆపించి మళ్లీ వేయించాను. ఫోల్డర్లు వాటంతటవే వచ్చాయి. నేరుగా హెచ్చోడీగారి గదికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. అక్కడితో ఆగొచ్చు కదా. ఆయనకు అర్థం కావాలని విడమరిచాను కూడా.

"గుర్తు ఉంటే సరిపోదు సార్, మనిషి ఉన్నాడా లేదా చూడాలి."

ఆయన తల పంకించి, "సరే, ఆడ్ని ఉండమను" అన్నారు.

సోమవారం సంతకం రిజిస్టర్లో ముందే ఉంది, బండి మాత్రం యథాప్రకారం ఆలస్యం. నేను చేరేసరికి పదిన్నర. హెచ్చోడీగారు తొమ్మిదిన్నరకే రిజిస్టరు చంకన పెట్టుకుని, ఒక్కో సంతకానికీ ఒక్కో కుర్చీ చూసుకుంటూ వెళ్లారట. నా కుర్చీ పక్కన అటెండరు మెమో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇక్కడో సంతకం ఎట్టండి బాబూ," అన్నాడు. "ఇయాల్టిది ఒక్కటే."