చెవిలో చుట్టం

పెద్దబాపు పోయిన సంగతి ఆయన కొడుకు, మా అన్న, ఫోన్‌లో చెప్పాడు. నిజామాబాద్ బస్టాండు ముందు రోడ్డు దాటబోతున్నాను. "చెల్లే, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగిండు, గంతే. లేపితే లేవలే," అన్నాడు. అప్పుడే బోధన్ బస్సు నా పక్కన గట్టిగా హారన్ కొట్టింది. ఎడమ చెవిలో కీ... మని మోత లేచింది. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెప్తాను. నాకు మొదట తట్టింది ఆయన గురించి కాదు. ఇక ఈ మోత గురించి నేనెవరికి చెప్పుకోవాలి అన్నది.

నేను ఊళ్లో ఒక చిన్న దవాఖానాలో నర్సును. రెండేళ్ల నుంచి నా ఎడమ చెవిలో సన్నని మోత. చెవి డాక్టరు పరీక్ష చేసి, పెద్ద రోగం కాదు, కొద్దిపాటిదే, పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండు, పడుకునేటప్పుడు ఫ్యాను వేసుకో అన్నాడు. ఫ్యాను వేసుకోవడానికి డాక్టరు కావాలా! కుక్కర్ కూత వేస్తే మోత లేస్తుంది. పెళ్లి ఊరేగింపు డీజే ఇంటి ముందు నుంచి పోతే రెండు రోజులు తగ్గదు. ఏ చప్పుడూ లేని చోట కూర్చుంటే అదొక్కటే వినిపిస్తుంది. కొన్ని పొద్దులు నిద్ర లేచి చూస్తే అసలు ఉండదు. అప్పుడు ఇంకా భయం, ఎప్పుడు వస్తుందో అని. ఇవాళ సన్నగా ఉన్నది రేపు లావెక్కితే? మీలో ఎవరికైనా ఇది ఉంటే నేను చెప్పేది అర్థమవుతుంది. లేనివాళ్లకు చెప్తే "దూది పెట్టుకోరాదూ" అంటారని నేనెవరికీ చెప్పలేదు.

ఆ మాట అనని మనిషి పెద్దబాపు ఒక్కడే. మా నాన్నకు అన్న. రుద్రూర్ దగ్గర చెరుకు చేలల్లో బెల్లం బట్టీల మీద ముప్పై ఏళ్లు పాకం దించిన మనిషి. కిందటేడు కొత్త బెల్లానికని వెళ్లినప్పుడు, గానుగ ఇంజను పక్కన చెవి మూసుకుని నిలబడ్డ నన్ను చూశాడు. పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా అడిగాడు.

"సెవుల సుట్టం దిగిండా బిడ్డా?"

ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పని సంగతి. "నీకెట్ల ఎరుక పెద్దబాపు?" అన్నాను.

"నాకు దిగి శాన ఏండ్లాయె. ఇంజను పక్కపొంటి నిలవడి నిలవడి. రమ్మనలె, పొమ్మంటే పోడు. మంచినీళ్లియ్యి, ముచ్చట పెట్టకు. ముచ్చట పెట్టినవనుకో, ఇల్లంత వానిదే అయితది."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఫోను. బాగున్నవా అని ఉండదు, తిన్నవా అని ఉండదు. "సుట్టం పండుకున్నడా, కూసున్నడా, లేసి నిలవడ్డడా?" గంతే. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. "నావోడు ఇయ్యాల కూసున్నడు. బీడీ అడుగుతుండు, ఇయ్యలె," అని నవ్వేవాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చేది. ఫోను పెట్టేశాక కాసేపు మోత తగ్గినట్టు ఉండేది.

బెల్లం బట్టీ చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కడాయిలో చెరుకు రసం మరిగి మరిగి పాకానికి వచ్చేటప్పుడు, పాకం దించే మనిషి చెయ్యెత్తుతాడు. ఇంజను ఆపేస్తారు. అందరూ నోళ్లు మూసుకుంటారు. ఆయన ఇంత పాకం తీసి చన్నీళ్లలో వేసి, ఉండ చేసి, పళ్లెం మీద కొడతాడు. అది ఖణ్‌మని మోగితే కడాయి దించాలి. మెత్తగా పడితే ఇంకాస్త ఆగాలి. మోగాక కాస్త ఆలస్యమైనా కడాయంతా మాడిపోతుంది. అంటే ఒక మనిషి చెవి మీద ఒక చేను పంట ఆధారపడి ఉంటుంది.

"ఒక్కపారి మాడ్చిన," అన్నాడు పెద్దబాపు, కిందటేడు నేను వెళ్లిన ఆ రోజే, బెల్లం గంపలో సర్దుతూ. "ముందు రోజు పెండ్లిల బ్యాండు పక్కన కూసున్న. తెల్లారి సుట్టం లేసి దునుకుతుండు. పళ్లెం మోగిందో లేదో తెల్వలె. ఇంకింత ఆగిన. కడాయి నల్లగైంది. మంట ఎక్కువ పెట్టిండని మంటేసేటోని మీద పడ్డది ఆ మాట. ఆ సీజనుకు ఆయన్ని పనిల నుంచి తీసేసిండ్రు. నేను నోరు తెరవలే బిడ్డా."

"తర్వాత ఎట్ల చేసినవ్?"

"సెయ్యి నేర్సుకున్న. సెవి ఇనకపోతే సెయ్యి ఇంటది." ఆ తర్వాత గంప మూత పెట్టి, నా ముఖంలోకి చూసి అన్నాడు. "నువ్వు మాత్రం నా లెక్క సెయ్యకు. దవాఖానల సెప్పు."

చెప్తా అన్నాను. చెప్పలేదు. ప్రతి ఆదివారం "సెప్పినవా?" అని అడిగేవాడు. ప్రతి ఆదివారం వచ్చే వారం అనేదాన్ని.

నా భయం ఏమిటో ఇప్పుడు చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్లు మా దగ్గరికి వస్తారు. లోపలి పిల్ల గుండె చప్పుడు వినాలి. మిషన్ ఉంది కానీ అది చెడిపోయినప్పుడల్లా పాతకాలపు గొట్టమే దిక్కు. గణపతి నిమజ్జనం డీజే వెళ్లిన మర్నాడు, ఒకామె కడుపు మీద గొట్టం పెట్టి, బాగున్న కుడి చెవితోనే విన్నాను. అయినా తలంతా మోత. కింద ఏదో టకటకా. అది పిల్లదో, నా గుండెదో తెలియలేదు. కడుపు మీద అరచెయ్యి ఆనించాను. పెద్దబాపు చెయ్యి విన్నట్టు నా చెయ్యి కూడా వింటుందనుకున్నాను. అంతా బాగుందని కార్డు మీద, పిల్ల గుండె లెక్క రాసే చోట, ఒక అంకె రాసేశాను. ఆమెకు కాన్పయి పిల్ల పుట్టి ఏడ్చిందని తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు. ఆ సంగతి పెద్దబాపుకు కూడా చెప్పలేదు.

అంత్యక్రియలకు పోవడానికి కూడా జంకాను, డప్పులుంటాయని. రెండు చెవుల్లో దూది కుక్కుకుని, అందరికంటే వెనక నడిచాను. నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి పాడె పక్కన నడవకుండా వెనకపడ్డానే అని ఇప్పటికీ బాధే.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చేను గట్టు మీద విస్తరిలో అన్నం, కూర, ఆయనకిష్టమని ఇంత బెల్లం పెట్టి, దూరంగా జరిగి కాకి కోసం ఎదురుచూస్తున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దంలో నా చెవిలో చుట్టం లేచి నిలబడ్డాడు. తల పట్టుకున్నాను. పక్కనే నిలబడ్డ ముసలాయన నన్ను గమనించాడు. బట్టీలో చెరుకు పిప్పి ఎగదోసి మంట వేసిన మనిషి. మేమంతా మంట కాక అంటాం. కడాయి మాడిన రోజు నింద పడింది ఈయన మీదే.

"నీకు గూడ మీ పెద్దబాపు లెక్క సెవుల మోగుతదా?" అన్నాడు నెమ్మదిగా.

ఆయన వైపు తిరిగాను. "ఆయనకు మోగుతదని నీకు ఎరుకనా కాకా?"

"ఎరుక లేకుంటెట్ల? ఆ పొద్దు పళ్లెం మోగింది. నేను ఇన్న. ఆయన ఇనలే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"సెప్తే ఆయనకు ఇంకెవ్వలు కడాయి ఇయ్యరు బిడ్డా. నాకైతే ఏడనన్న మంట పని దొరుకుతది. మరుసటేడు మల్లొచ్చిన. అప్పటిసంది ఆయన పళ్లెం మీద ఉండ కొడ్తడు, నా మొకం సూస్తడు. మోగితే నేను తల ఊపుత. ఆయన దించుతడు. ఎన్నడు ఆయన అడగలే, నేను సెప్పలే."

"మరి చెయ్యి వింటదని నాతోని అన్నడు గదా!"

మంట కాక బోసినోటితో నవ్వాడు. "సెయ్యేం ఇంటది బిడ్డా! నీకు ధైర్యం సెప్పిండు."

నాకు నవ్వు రాలేదు. కడుపు మీద నేను ఆనించిన అరచెయ్యి గుర్తొచ్చింది. నా చెయ్యి ఆ రోజు ఏమీ వినలేదు. పెద్దబాపు మీద కోపం కూడా వచ్చింది, ఆయన లేని మూడో రోజునే. ఇంతలో కాకి వచ్చి ముందు బెల్లాన్నే ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకుని దండం పెట్టారు. నేనూ పెట్టాను. చెప్తా పెద్దబాపు, ఈసారి చెప్తా అనుకున్నాను.

మర్నాడు మా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, తలుపు దగ్గర నిలబడే అంతా చెప్పేశాను. చెవి సంగతి, గణపతి పండుగ తర్వాత కార్డు మీద రాసిన అంకె సంగతి, అన్నీ. రిజిస్టర్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెడుతుందేమో, అసలు రావద్దంటుందేమో అని తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. "ముందే చెప్పాలి కదా సిస్టర్!" అని గట్టిగానే కోప్పడింది. మళ్లీ చెవి పరీక్షకు చీటీ రాసింది. కాసేపటికి లేచి, "పదండి. ఇకనుంచి మీరు విన్నాక నేనూ వింటాను," అంది.

ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి బల్ల మీద పడుకుని ఉంది. మిషన్ మళ్లీ చెడిపోయింది. బయట రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పాటలు పెట్టుకుని పోతోంది. చుట్టం లేచే ఉన్నాడు. గొట్టం పెట్టి విన్నాను. మోత కింద ఎక్కడో టకటకా. అవునా? కాదా? తలెత్తి గొట్టం డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె వంగి కళ్లు మూసుకుంది. నేను ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను. మరుగుతున్న కడాయి ముందు, చేతిలో పళ్లెంతో, పెద్దబాపు అన్నేళ్లు ఎంత భయంగా ఒక ముఖంలోకి చూసి ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది.

ఆమె తల ఊపింది.