చిన్నాయన సార్ అయిన రోజు

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం పోయిన రోజు యజమాని నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. మీదేవూరు, ఎవరి అమ్మాయివి. డిగ్రీ సర్టిఫికెట్టు కవరులోంచి బయటికి తీసే అవసరమే రాలేదు. మాది రాచర్ల దగ్గర పల్లె అనీ, మా నాయనకు గొర్రెలున్నాయనీ చెప్పగానే ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. గిద్దలూరులో వాళ్ళ అన్నగారి దుకాణంలో మా నాయన ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి కొనే ఉంటాడని తేల్చాడు.

"అయితే మీ నాయన నాకు అన్న అయితాడు. నన్ను చిన్నాయనా అను," అన్నాడు.

వాళ్ళది వ్యాపారాలు చేసుకునే ఇల్లు, మాది గొర్రెల మంద వెంట తిరిగే ఇల్లు. ఎటునుంచి లాక్కొచ్చినా చుట్టరికం కుదరదు. అయినా ఆయన కుదిర్చేశాడు, నేను లెక్కలు రాసే కుర్చీలో కూర్చున్నాను.

అక్కడ అందరి సంగతీ అంతే. రాయి కోసే మిషన్ల దగ్గర మగవాళ్ళు ఆయన్ని మామా అనేవాళ్ళు. పలకలు ఏరి పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళు అన్నా అనేవాళ్ళు. వయసులో పెద్దవాడైన వాచ్‌మన్ మాత్రం దర్జాగా అల్లుడూ అని పిలిచేవాడు. దీంట్లో రెండు వైపులా లాభం ఉంది. జీతం ఆలస్యమైతే మేం గట్టిగా అడిగేవాళ్ళం కాదు. మేం పని ఎగ్గొట్టి పెళ్ళికి పోతే ఆయనా గట్టిగా అడిగేవాడు కాదు, ఎందుకంటే ఆ పెళ్ళి పందిట్లో మా పక్కనే కూర్చుని భోంచేస్తూ ఉండేవాడు.

బడిపిల్లల పలకల కాలం ఎప్పుడో పోయింది. మేం చేసేది గోడలకు అతికించే రంగుల పలకలు. తర్వాత అచ్చం వాటిలాగే కనిపించే టైల్స్ చవగ్గా దొరకడం మొదలైంది. ఆర్డర్లు తగ్గాయి, మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి ఒక శుక్రవారం చిన్నాయన అందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. చిన్నమ్మ కూడా వచ్చింది. లడ్డూలు, కారబ్బూందీ, టీ వచ్చాయి. చిన్నమ్మ ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి, తమలపాకుల్లో రవిక గుడ్డ, టెంకాయ పెట్టి ఇచ్చింది. మగవాళ్ళకు తలా ఒక టవలు.

"మీరంతా నా ఇంటి బిడ్డలు. ఫ్యాక్టరీ మూసేస్తున్నా. యాడున్నా మీరు సల్లగుండాల," అన్నాడు చిన్నాయన.

ఆయన ఏడ్చాడు, మేమూ ఏడ్చాం. కూతుర్ని అత్తగారింటికి సాగనంపేటప్పుడు కూడా అంత ఏడుపు ఉండదు. నేనైతే ఏడుస్తూనే రెండో లడ్డూ తిన్నాను. టెంకాయ కొంగులో కట్టుకుని, మంచి మనిషి, మర్యాదగా పంపించాడు అనుకుంటూ ఇంటికి వచ్చాం. ఉద్యోగం పోయిందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, పైగా యూనియన్లో తిరిగే మనిషి. రవిక గుడ్డను చేతిలోకి తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇదేంది?"

"చిన్నాయన ఇచ్చినాడు."

"సెటిల్‌మెంట్ ఏదీ? మా డిపోలో ఎవురినన్నా ఇట్ల టవలు చేతిలో పెట్టి పంపితే ఆ దినం ఒక్క బస్సు గేటు దాటదు."

అన్నం తింటూ నాకు పాఠం చెప్పాడు. ఫ్యాక్టరీ మూసేటప్పుడు నెల ముందుగా నోటీసు ఇవ్వాలట, లేకపోతే ఆ నెల జీతం ఇవ్వాలట. పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన పరిహారం, గ్రాట్యుటీ వేరే. పీఎఫ్ ఎలాగూ మనదే. అదేమీ దయతలచి ఇచ్చేది కాదు, మన చెమటకు రావలసిన బాకీ అన్నాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను. విని, చిన్నాయనను అట్ల ఎట్ల అడిగేది అన్నాను. మా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నా మాటకేం, మా ఇంట్లో ఇంకో జీతం ఉంది. మా షెడ్డులో పలకలు సర్దిన, నేను వదినా అని పిలిచే ఆమెకు అదీ లేదు. భర్త పోయాక ఆ పని మీదే ఇల్లు నడుపుకున్న మనిషి. ఫ్యాక్టరీ మూసిన వారానికే త్రిపురాంతకం వైపు మిరపకాయల కోతకు కూలికి పోవడం మొదలుపెట్టింది. చేతులు మండి, రాత్రి అన్నం కలుపుకోలేకపోతున్నానని చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూశాక అడగక తప్పదనిపించింది. లెక్కలు రాసినదాన్ని గనక నన్నే ముందుకు తోశారు.

మొదటిసారి పోతే చిన్నమ్మ కాఫీ ఇచ్చింది. చిన్నాయన షుగరు సంగతి, చిన్నమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు మాగాయ సీసా చేతిలో పెట్టారు. రెండోసారి మనవరాలి పేరు పెట్టే పండగకు పిలిచి, మంగళహారతి పాట మేమే పాడాలన్నారు. పాడి వచ్చాం. "పోయినప్పుడల్లా ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు, ఇంక ఎట్ల అడిగేది?" అంది వదిన దారిలో.

ఈలోగా నేను ఉద్యోగాల వేటలో పడ్డాను. ఒంగోలులో ఒక ఆసుపత్రి ఆఫీసుకు ఇంటర్వ్యూకు పోయాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నా అనుభవం గురించి చెప్పమంది. పాత అలవాటు ఊరుకోనిచ్చిందా, ముందు మీదేవూరమ్మా అని అడిగాను. దర్శి అంది. దర్శిలో ఎవరి అమ్మాయివి అన్నాను. ఆ అమ్మాయి పెన్ను మూసేసి, మేమే ఫోన్ చేస్తాం అంది. ఆ ఫోన్ ఇంకా రాలేదు.

కానీ అక్కడ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకటి చూశాను. ఆసుపత్రిలో పని చేసే ఒకాయన మేనేజరు దగ్గరికి పోయి, సార్, నా పోయిన నెల జీతం రాలేదు అని అడిగాడు. గొంతు సవరించుకోలేదు, షుగరు ఎట్లుందని అడగలేదు. మేనేజరు కూడా అలిగిపోలేదు, కంప్యూటర్లో చూశాడు. మార్కాపురం బస్సులో దారి పొడుగునా సార్ అన్న ఆ ఒక్క మాటే నాకు వినిపించింది.

మూడోసారి వదినా నేనూ మాత్రమే పోయాం. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మాకు రావాల్సిన పరిహారం గురించి మాట్లాడేదానికి వచ్చినాం."

చిన్నాయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. కాఫీ పళ్ళెంతో వస్తున్న చిన్నమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చిన్నాయనా అన్నన్ని దినాలు నాకు బాగుండెనమ్మా, ఎవురూ లెక్క అడగరని. సార్ అంటివి. ఇంక లెక్క చూడాల్సిందే," అన్నాడు.

మిషన్లు అమ్మి అందరికీ వాయిదాల మీద ఇస్తానన్నాడు. మేం గెలిచినట్టే. కానీ చిన్నమ్మ ఆ కాఫీ పళ్ళెం తీసుకుని అట్లాగే లోపలికి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోయినందుకు కలగని బాధ ఆ కాఫీ వెనక్కి పోయినందుకు కలిగింది.

మాట తప్పలేదు ఆయన. వాయిదాలు బ్యాంకులో పడుతూ వచ్చాయి. వదిన మిరప చేలు మానేసి బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. నాకు గిద్దలూరు రోడ్డులో ఒక టైల్స్ షోరూంలో బిల్లులు కొట్టే పని దొరికింది. అవును, మా ఫ్యాక్టరీని మింగిన టైల్సే. కుర్ర యజమాని నా ఊరు పేరు వినగానే కళ్ళు మూసుకుని, అయితే మీరు నాకు అక్క అవుతారు అని మొదలుపెట్టాడు. వద్దు సార్, నేను సార్ అనే పిలుస్తాను అన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. జీతం మాత్రం ఒకటో తేదీనే ఇస్తాడు.

ఆ తర్వాత చిన్నాయన ఇంటి గడప నేను తొక్కలేదు. బజార్లో ఎదురైతే ఏమని పిలవాలో తెలియక పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని.

మొన్న వేసవిలో ఒక పొద్దున ఆటో దిగి ఆయనే షోరూంలోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. మా యజమాని లేచి, ఏం కావాలి సార్ అన్నాడు. ఆయన వినిపించుకోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను కుర్చీ వేశాను, నీళ్ళు తెచ్చి ఇచ్చాను. పిలుపు మాత్రం నోటికి రాలేదు.

నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆఖరి మిషన్ కూడా అమ్మినా. నిన్నటితో అందరివీ ఇచ్చేసినా. లెక్క అయిపోయిందమ్మా. ఇంక చిన్నాయనా అనొచ్చు," అన్నాడు.

చిన్నాయనా అన్నాను. రవిక గుడ్డ తీసుకున్న రోజు కూడా నేను అంత ఏడవలేదు.