చెల్లె చెంపకు రాసిన స్నో

ఇది నేనింతవరకు ఎవ్వరికీ చెప్పలేదు. లాల్‌దర్వాజాలో మా బాపు స్టియరిన్ అనే తెల్లటి కొవ్వు రేకులతో సబ్బులు, మైనం బత్తులు, ముఖానికి పూసుకునే స్నో చేసేవాడు. "జర కాస్టిక్ సోడా తగిలితే సాలు బిడ్డా, నూనెకు నీళ్లకు దోస్తీ కుదురుతది," అనేవాడు.

నల్లగున్నానన్న సిగ్గుతో నేనూ దొంగతనంగా స్నో చేసిన. సోడా ఎంతో తెల్వక ఎక్కువేసిన. నా ముఖానికి పూసుకోవడానికి భయమై, ముందు చెల్లె చెంపకు రాసి చూసిన. సాయంత్రానికి పొక్కులు లేచినయి. అమ్మ చూసి, అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి, మహంకాళికి బోనం మొక్కింది. ఆ మండలు తెచ్చిచ్చింది నేనే.

బోనం నాడు చెల్లె, చెంపమీద మచ్చతో, నా చెవిలో మెల్లగా అన్నది: "ఫికర్ జేయకు అక్కా, నేనైతే ఎవ్వరికీ చెప్పలే."