నడివీధిలో అరుపు

కువైట్ నుంచి వచ్చిన మా మామ చేతి గడియారంలో గాలి ఒత్తిడి చూపే ముల్లు ఉండేది. అది దిగితే చాలు, నడివీధిలో నిలబడి, "వానొస్తాందప్పా, అందరూ ఇనండి!" అని అరిచేవాడు. మా వేముల పల్లెల్లో పార్టీల పగలు రగులుతున్న రోజులవి. అవతలివాళ్లకూ వినబడుతుందని మా పార్టీ నాయకుడికి ఆ అరుపు గిట్టేది కాదు.

ఆ అరుపు అలవాటు కాకముందు ఒకసారి మామ వాన సంగతి చెప్పలేదు. అవతలి పార్టీవాళ్ల శెనక్కాయలు కళ్లంలో ఆరుతుంటే ముల్లు దిగింది. "వాళ్లకు చెప్పినావంటే బాగుండదు," అన్నాడు నాయకుడు. మామ భయపడి ఊరుకున్నాడు. సాయంత్రానికి కాయలన్నీ వానపాలయ్యాయి.

మర్నాడు మామ ఎవరికీ చెప్పకుండా వెళ్లి, వాళ్లతోపాటు బురదలో కాయలు ఏరాడు.

"నీ గడియారం ముందే చెప్పలేదా మామా?" అంది ఆ ఇంటామె.

"చెప్పిందమ్మా."

ఆమె ఏరిన కాయలు గంపలో పోసింది. తర్వాత చెంబు అందించింది. "పొద్దున్నుంచి వంగి ఏరతాండావు. నీళ్లు తాగు."

మామ చెంబు పట్టుకున్నాడు గాని, తల ఎత్తలేకపోయాడు.