వీసా అడగని దేశం

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎవరు విమానం ఎక్కబోయినా ముందు సాయిలు ఇంటికి వస్తారు. ఏళ్ల తరబడి సౌదీలోని దమ్మాంలో గోడలు కట్టి వచ్చిన మేస్త్రి ఆయన. మామిడికాయ తొక్కు కారకుండా సంచిలో ఎట్లా కట్టాలో, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎంత మాట్లాడాలో అడగనివాళ్లకు కూడా చెబుతాడు. సలహా చెప్పే రోజు ఆయనకు అన్నం కూడా అక్కర్లేదని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు.

2022 ఎండాకాలంలో అల్లుడు తిరుపతి సెర్బియా పోతానన్నప్పుడు మాత్రం సాయిలు చిన్నబోయాడు. ఆ దేశం పేరే ఆయన వినలేదు. అప్పట్లో మనవాళ్లు వీసా లేకుండా అక్కడ ముప్పై రోజులు తిరిగి రావచ్చు. రానూపోనూ టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్సు, ఖర్చులకు సరిపడా యూరోలు చూపించాలి. చూసి రావడానికే తప్ప పని చేయడానికి కాదు. ఆ ఏడాది ముగియడంతో ఆ సౌకర్యమూ పోయిందనుకోండి. కామారెడ్డి ఏజెంటు మాత్రం, "చూసొస్తనని చెప్పి దిగు, గోదాంల పని మేం చూపిస్తం" అన్నాడు.

"వీసా అడగని దేశం ఏంది? మనింటికి కొత్తోడొస్తెనే ఎందుకొచ్చినవని అడుగుతం గదా" అన్నాడు సాయిలు. ఎందుకో ఆయనకు భయమేసింది. ఆ భయాన్నే పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ అల్లుడు పక్కన కూర్చుని, "మామా, ఏం చెప్పాల్నో నువ్వే నేర్పు" అన్నాడు. ఇంకేముంది, సాయిలు భయం సంగతి మరిచిపోయాడు.

వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని ఆయనే ఆఫీసరయ్యాడు.

"ఎందుకొచ్చినవ్?"

"చూసి పోదామని, సార్."

"ఏం చూస్తవ్?"

"కోట చూస్త, నది చూస్త."

సాయిలు బిడ్డ పల్లవి, తిరుపతి భార్య, రొట్టెలు కాలుస్తూ మొదట పకపకా నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "అన్నీ అబద్ధాలే చెప్పి దిగితే, రేపు ఏమన్న అయితే ఎవలకు నిజం చెప్తవ్?" అంది. మగవాళ్లిద్దరూ వినిపించుకోలేదు.

కామారెడ్డి బస్టాండులో సాయిలు చివరి సలహా ఇచ్చాడు. "దిగంగనే మన కోసం వచ్చినోని చేతిల పాస్‌పోర్ట్ పెట్టు. నీ తాన ఉంటే యాడనన్న పడిపోతది. నాది ఎప్పుడూ కంపెనోళ్ల బీరువలనే ఉండె."

గల్ఫ్ పోయివచ్చిన ఎవరినడిగినా అదే చెబుతారు. చట్టం వద్దన్నా అక్కడ అదే నడిచింది, మనవాళ్లకూ అదే అలవాటైంది. బీరువాలో ఉందంటే భద్రంగా ఉన్నట్టే. కానీ తిరుపతికి కంపెనీ ఏది? బీరువా ఏది? ఇంత చిన్న సంగతి అంత తెలివైన మనిషికి తట్టలేదు.

సెర్బియాలో దిగాక అక్కడి ఆఫీసరు కాగితాలు చూసి ముద్ర కొట్టాడు. బయట ఎవరో తిరుపతి పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. "అడగకముందే పాస్‌పోర్ట్ ఇచ్చిన మామా!" అని ఆ రోజు ఫోనులో అల్లుడు గొప్పగా చెబితే, "మంచిగ చేసినవ్" అని సాయిలు మెచ్చుకున్నాడు.

వాళ్లు తిరుపతిని హోటలుకు అసలు తీసుకుపోలేదు, ఎవరిదో ఇంట్లో పెట్టారు. పల్లవి ఫోనులో వెతికి చదివింది. హోటల్లో దిగితే వచ్చినవాళ్ల పేర్లు వాళ్లే పోలీసులకు ఇస్తారట. ఇంట్లో ఉంటే ఒక రోజులోపల మనమే చెప్పుకోవాలట. "అంటే ఆయన ఆడున్నట్టు ఎవ్వలకూ తెల్వది బాపూ" అంది.

తరువాత వచ్చిన ప్రతి ఫోనులోనూ తిరుపతి వెనక ఇండ్లు తగ్గి చెట్లు పెరిగాయి. గోదాం ఏదంటే, ఇంకా ముందట ఉందంటున్నరు అనేవాడు. ముప్పై రోజుల గడువు దాటిపోయింది. పాస్‌పోర్ట్ అడిగితే రేపంటున్నారట.

సాయిలు కామారెడ్డి పోయి ఏజెంటును నిలదీశాడు. అతను చాయ్ తెప్పించి, మెత్తగా, "సాయిలన్నా, మేం గుంజుకున్నమా? నీ అల్లుడే ఇచ్చిండు" అన్నాడు. సాయిలు చాయ్ ముట్టకుండా లేచి వచ్చాడు.

మరునాడు మధ్యాహ్నం ఫోను మోగింది. సాయిలు స్పీకర్ పెట్టాడు. తిరుపతి గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"మామా, అడవి దాటి పక్క దేశం పోవాల్నట. పొద్దుగూకంగనే నడిపిస్తరట. రామంటె కొడుతున్నరు. ఇప్పుడు ఫోన్లు గూడ ఇయ్యమంటున్నరు. ఇయ్యాల్నా?"

అంత ఆపదలోనూ సలహా అడుగుతున్నాడు! సాయిలు నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఊరందరికీ చెప్పిన మాటల్లో ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఇమ్మంటే ఏమవుతుందో, వద్దంటే ఏం చేస్తారో ఆయనకు అంతుచిక్కలేదు. "ఆగు, ఆగు అల్లుడా" అన్నాడు.

పల్లవి ఫోను లాక్కుంది. "బాపును అడగకు! ఇయ్యకు, రోడ్డు దిక్కు ఉరుకు! ఎవలు కనవడ్డా పోలీసని ఒర్లు, మన ఎంబసీ..."

అవతల ఎవరో గద్దించారు. ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. పల్లవి చేస్తూనే ఉంది.

"గుంజుకున్నట్టున్నరు బిడ్డా" అన్నాడు సాయిలు.

పల్లవి తల ఎత్తలేదు. "నువ్వేమంటవోనని ఆగిండు బాపూ. గంతసేపు ఉరికితే రోడ్డెక్కుతుండె."