తేలిక చక్రాలు

కార్ల షెడ్డులో ఆమెను అందరూ స్పానరక్క అనేవారు. క్లచ్చు, బ్రేకు పనుల్లో ఆమె చెయ్యి పడితే ఇక ఆ బండి మళ్ళీ రిపేరుకు రాదని పేరు. ఇంటి వెనక రేకుల కింద ఆమెకు సొంత కారు ఒకటుండేది. తుక్కు కొట్టులో దొరికిన పాత బండిని ఇంజను దగ్గర్నుంచి తనే కట్టుకుంది. ఊరి బయట వాడకం లేని రన్‌వే మీద ఆదివారాలు పోటీలు జరిగేవి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ దీపం వెలుగుతుంది, తిన్నని దారిలో ముందెవరు గీత దాటితే వాళ్ళదే గెలుపు. స్పానరక్క ఆ దారిలో చాలాసార్లే గెలిచింది.

ఒక ఆదివారం మణికట్టు బెణికి, గేరు మార్చలేక, తోడుగా వచ్చిన చెల్లెల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. చెల్లెలు బట్టల కొట్టులో పనిచేసేది, సరదాకి వచ్చింది. దీపం వెలగడమే తరువాయి, బండి గురి చూసి వదిలినట్టు వెళ్ళింది. అక్క ఎన్నడూ అందుకోని వేగం అది. ఆ రోజే చెల్లెలికి బుల్లెట్ అని పేరు పడింది. అక్క మణికట్టు బాగైంది గానీ సీటు మాత్రం తిరిగి రాలేదు. "బుల్లెట్‌నే కూర్చోబెట్టు" అని జనమే అన్నారు. కాదనడానికి ఆమెకు మొహం చెల్లలేదు. కొన్నాళ్ళకు ఆమెను చూపిస్తూ, "అదిగో, బుల్లెట్ వాళ్ళక్క" అనడం మొదలుపెట్టారు. అది విన్నప్పుడల్లా కడుపులో భగ్గుమనేది.

ఒక రోజు చెల్లెలు, "అక్కా, తేలిక చక్రాలు వేస్తే బండి ఇంకా లేస్తుందటగా?" అంది.

"బండి మోసే బరువు వేరు, తిరిగే బరువు వేరు. చక్రాన్ని ముందుకు తోయడమే కాదు, తిప్పాలి కూడా. అది బరువుగా ఉంటే ఇంజను సగం సత్తువ అక్కడే తగలేస్తుంది" అని చెప్పింది స్పానరక్క. చెప్పాక, ఎందుకు చెప్పానా అనుకుంది.

ఇద్దరూ సామాన్ల కొట్టుకు వెళ్ళారు. కొట్టాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి అచ్చులో పోసినది, తళతళలాడుతోంది. రెండోది సాగగొట్టి చేసినది, రంగు కూడా లేదు. స్పానరక్క రెండోదాన్ని ఒంటి చేత్తో ఎత్తింది. ఖాళీ బిందెలా లేచి వచ్చింది. లోపలి అంచు చూసింది, బ్రేకుకు తగలదు. వెడల్పు చూసింది, వెనక టైరుకు సరిగ్గా సరిపోతుంది. ఇవి వేస్తే చెల్లెల్ని ఎవరూ పట్టుకోలేరని ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది.

"ఏమంటావక్కా?"

"మన బండి బరువుకు ఇవి ఆగవే."

"ఆగకపోవడమేంటమ్మా, వీటి మీద..." అని కొట్టాయన అనబోయాడు.

"బండి కట్టింది నేను బాబాయ్" అంది స్పానరక్క. ఆయన తేలికవి తీసి పక్కన పెట్టేశాడు. తళతళలాడేవే ఇంటికి వచ్చాయి.

పోటీలో టాక్సీ నడిపే ఒకాయన చెల్లెల్ని జానెడు తేడాతో ఓడించాడు. ఎవరో, "చక్రాలు బరువైనవి వేశారు, అందుకే" అన్నారు. చెల్లెలు గయ్యిమంది. "మా అక్క నా ప్రాణం చూసుకుంటుంది. తేలికవి విరిగితే మీరొస్తారా?"

స్పానరక్కకు తల తీసేసినట్టయింది. సిగ్గు వెనకే మళ్ళీ అసూయ పొడుచుకొచ్చింది. మంచితనంలో కూడా ఇది నాకంటే ముందే ఉందే అనుకుంది.

మర్నాడు ఒక్కతే కొట్టుకు వెళ్ళి చక్రాలు మార్చుకుంది. "నాకప్పుడే అర్థమైందమ్మా. నీ మొహం చూసి ఊరుకున్నా" అన్నాడు కొట్టాయన. ఆమె తేలికవి బిగించి, ఎవరికీ చెప్పకుండా బండిని రన్‌వేకి తీసుకెళ్ళింది. ముందు తనే నడపాలి. బుల్లెట్ కంటే ఒక్కసారైనా, ఒక్క రెప్పపాటైనా ముందుండాలి.

బండి దూకింది. ఒళ్ళంతా పులకరించింది. తన జీవితంలో అంత వేగం ఆమె చూడలేదు. గీత దగ్గర కాపలా ఉండే ముసలాయన గడియారం చూసి, "బాగా కొట్టావమ్మా! మీ చెల్లెలు నిన్న కొట్టిన దానికి దగ్గర దగ్గరగా వచ్చావు" అన్నాడు.

దగ్గర దగ్గరగా. నిన్న చెల్లెలు నడిపింది బరువు చక్రాల మీద.

ఆమె ఇంజను ఆపి, సీటును మళ్ళీ చెల్లెలికి సరిపోయేలా జరిపింది. ఇంటికి వచ్చాక చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంటే ఓడిపోతానని తెలిసే వేశావా?"

"గెలవకూడదనే వేశాను."

"ఆ సీటు నేనడిగానా? కూర్చోబెట్టింది నువ్వు!" అంది చెల్లెలు. "అడిగితే దిగిపోయేదాన్ని కదే."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో అమ్మ నలిగిపోయింది. "నీ పెద్ద కూతుర్ని గేరునూనె మార్చమనమ్మా." "మార్చానని చెప్పమ్మా." "నేనేమన్నా మీ ఇద్దరి టెలిఫోన్ తీగనా?" అని ఆవిడ గరిటె విసిరికొట్టింది.

మళ్ళీ పోటీ రోజు వచ్చింది. ఎదురుగా అదే టాక్సీ ఆయన. చెల్లెలు తలుపు తీసి, ఎక్కకుండా నిలబడింది. అక్క వైపు చూడకుండానే, "నట్లు నువ్వే బిగించు. లేకపోతే ఎక్కను" అంది. స్పానరక్క మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాలూ బిగించింది, మళ్ళీ మొదటి నుంచి సరిచూసింది.

టాక్సీ ఆయన సగం దారిలోనే వెనకబడిపోయాడు. జనం బుల్లెట్ బుల్లెట్ అని అరుస్తూ గీత వైపు పరుగెత్తారు. స్పానరక్క ఉన్నచోటే నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. లోపల మంట మాత్రం అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. ఇక తగ్గదేమో అనుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "ఏమైందే?"

చెల్లెలు నోరు తెరిచే లోపే స్పానరక్క అంది: "నీ చిన్న కూతురు గెలిచిందమ్మా. దాన్ని పట్టేవాళ్ళు లేరు."

ఆ మాట అనడం అక్కకు తేలిక కాదని చెల్లెలు గ్రహించింది. లోపలికి వెళ్ళి, తనకూ అక్కకూ టీ పెట్టింది.