నడుస్తున్నది కదా, ఎముక విరిగితే నడుస్తదా?

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల స్కూళ్లు బందై నేను చేవెళ్లల ఇంటికాడనే ఉన్న రోజులవి. మా నాయనమ్మ గడప తట్టుకొని పడ్డది. లేచి నడిచింది గని, తొడ నొస్తున్నదని ఒకటే మూలుగుడు.

దవాఖానల డాక్టరు మోకాలు ఒత్తి చూసి, "వాతం. ఈ వయసుల మామూలే. రోజూ నడిపియ్యుండ్రి" అన్నడు.

"పడ్డది సారూ, ఎక్స్‌రే తీపిద్దమా?" అని బాపు అడిగిండు.

"నడుస్తున్నది కదా! ఎముక విరిగితే నడుస్తదా?" అని కసిరిండు.

"వద్దు కొడకా, పానం పోతున్నది" అని ఆమె ఏడుస్తున్నా బాపు రోజూ రెక్క పట్టి నడిపించిండు. ఒకనాడు అట్ల నడుస్తూనే కూలింది. మళ్ల లేవలే.

బస్సులు బంద్. ఎడ్లబండిల మొయినాబాద్ మీదుగ పట్నం తీస్కపోయినం. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ముసలోళ్ల ఎముకలు గుల్లబారి ఉంటయి. మొదట పడ్డప్పుడే తుంటి కాడ పగిలింది. పగిలిన ముక్కలు ఇరుక్కొని ఉంటే నడుస్తరు, నొప్పి తొడలకు దిగుతది. నడిపించేసరికి అవి విడిపోయినయి" అన్నది.

నాయనమ్మ మంచం దిగకుండనే పోయింది. ఆ డాక్టరు కొలువు చేసుకుంటనే ఉన్నడు. "మా అవ్వను నా చేతులతోనే చంపుకున్న" అని బాపు మాత్రం బతికినన్నాళ్లు ఏడ్చిండు. ముసలోళ్ల నొప్పిని ఎవరన్న 'వయసు' అని తోసేస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.